పాత ఉక్కు ఫ్రేము: ఎవరిది, ఎప్పటిది, ఎంత చేస్తుంది?

పాత సైకిలు ఫ్రేము చేతికొస్తే మూడు ప్రశ్నలు వస్తాయి. ఎవరు కట్టారు? ఎప్పుడు కట్టారు? ఇప్పుడు ఎంత చేస్తుంది? ఇవి ఒకదాని మీద ఒకటి నిలబడే ప్రశ్నలు. కట్టినవాళ్ళెవరో తెలిస్తే కాలం పట్టుబడుతుంది. ఆ రెండూ తేలితేనే ధర గురించి మాట్లాడడానికి ఆధారం ఉంటుంది. బజారులో మాత్రం ఈ వరస తలకిందులుగా నడుస్తోంది. మీదున్న పేరు చూసి ధర వేస్తారు, ఆ ధరకు తగిన సంవత్సరం వెతుకుతారు, చివరికి ఆ సంవత్సరానికి నప్పే గుర్తులను మాత్రమే ఏరుకుంటారు. గత 30 ఏళ్ళలో ఈ రంగంలో పేరుకున్న గందరగోళంలో పెద్ద భాగం ఇక్కడే పుట్టింది.

గుర్తింపు విషయంలో ఇప్పుడు మూడు పక్షాలున్నాయి. ఫ్రేము మీద కొట్టిన నెంబరును నమ్మేవాళ్ళు ఒకరు, దానికి బిగించిన విడిభాగాల తేదీలను నమ్మేవాళ్ళు ఇంకొకరు, గొట్టాలూ అతుకులూ త్రెడ్లూ చూసి తీర్పు చెప్పేవాళ్ళు మూడోవారు. విలువ దగ్గర గొడవ వేరు. ఉన్నది ఉన్నట్టు ఉంచాలా, కొత్తదానిలా తయారుచేయాలా, తొక్కుకోవడానికి వీలుగా మార్చుకోవాలా అన్నదాని చుట్టూ అది తిరుగుతుంది.

## చర్చ పెరిగిన తీరు

పాత సైకిళ్ళను పద్ధతిగా చదవడం బ్రిటన్‌లో ముందుగా కుదురుకుంది. అక్కడి వెటరన్ సైకిల్ క్లబ్ 1955 నుంచి ఉంది. పాత కేటలాగులు, పేటెంటు పత్రాలు, పత్రికా ప్రకటనలు పక్కపక్కన పెట్టి యంత్రం కాలాన్ని తేల్చే అలవాటును నిలబెట్టింది ఇలాంటి సంఘాలే. ఆ పని చేసినవాళ్ళకు ధర కంటే చరిత్ర ముఖ్యం. అందుకే తేదీ చెప్పేటప్పుడు ఒక్క సంవత్సరానికి కట్టుబడకుండా ఫలానా ఏడుకూ ఫలానా ఏడుకూ మధ్య అని చెప్పేవారు.

1980ల చివర అల్యూమినియం, ఆ తర్వాత కార్బన్ రేసు సైకిళ్ళలోకి వచ్చాయి. ఉక్కు ఫ్రేము వెనక్కి తగ్గింది. కొంతకాలం దాన్ని అడిగేవాళ్ళే తక్కువ. 1997లో ఇటలీలోని టస్కనీలో, గాయోలె ఇన్ కియాంతి అనే ఊళ్ళో జాన్‌కార్లో బ్రోచ్చి లెరోయికా అనే సవారీ మొదలుపెట్టాడు. తెల్లటి మట్టిరోడ్ల మీద పాత సైకిళ్ళతోనే తొక్కాలి. అక్కడ స్థిరపడిన నియమం ప్రకారం రేసు సైకిలు 1987కు ముందుది కావాలి, గేరు లీవర్లు ఫ్రేము కింది గొట్టం మీద ఉండాలి, బ్రేకు తీగలు హ్యాండిల్ పైనుంచి బయటికి కనబడాలి, పెడళ్ళకు పాదం బిగించే పట్టీలు ఉండాలి. ఫ్రెంచి పోటీదారు ఇనో 1985 టూర్ ద ఫ్రాన్స్‌ను లుక్ కంపెనీ బిగింపు పెడళ్ళతో గెలిచాడు. మెట్టుమెట్టుకూ టక్కున పడే షిమానో గేర్లు అదే కాలంలో వచ్చాయి. కాబట్టి ఆ నియమం ఒక యుగం ముగిసిన చోట గీసిన గీతే. దాని పర్యవసానం మాత్రం బజారులో గట్టిగా తగిలింది. 1986 ఫ్రేముకూ 1988 ఫ్రేముకూ మధ్య పనితనంలో తేడా ఉన్నా లేకపోయినా ధరలో తేడా వచ్చింది. సంవత్సరం డబ్బుగా మారాక దాన్ని రెండేళ్ళు వెనక్కి జరపాలన్న ఆశ కూడా పుట్టింది.

ఇంకో వైపు నుంచి కూడా జ్ఞానం పోగైంది. మాసచూసెట్స్‌లో సైకిలు మెకానిక్‌గా పనిచేసిన షెల్డన్ బ్రౌన్ 2008లో చనిపోయేవరకు పాత సైకిళ్ళ కొలతలను, ఒకదానికొకటి పట్టని త్రెడ్లను ఓపికగా రాసి పెట్టాడు. ఆయన రాసింది రిపేరు చేసేవాళ్ళ కోసం. ఏ కప్పు ఏ ఫ్రేముకు పడుతుందో చెప్పే ఆ కొలతలు ఆ ఫ్రేము ఏ దేశపు పద్ధతిలో కట్టిందో కూడా చెబుతాయని సేకరించేవాళ్ళు తర్వాత గ్రహించారు.

## నెంబరు మాట

నెంబరును నమ్మేవాళ్ళ వాదన సూటిగా ఉంటుంది. రంగు మారుతుంది, చక్రాలు మారతాయి, స్టిక్కర్లు కొత్తవి అంటించవచ్చు. ఉక్కులో కొట్టిన అంకె చెరగదు. కంపెనీ పద్ధతి తెలిస్తే తేదీ చదివేయవచ్చు.

ఇది బాగా పనిచేసే చోట్లు నిజంగానే ఉన్నాయి. షికాగోలోని ష్విన్ కంపెనీ 1965 నుంచి రెండు అక్షరాల పద్ధతి వాడింది. మొదటి అక్షరం నెల, రెండోది సంవత్సరం. ఇంగ్లండ్‌లో రాలీ 1970ల నుంచి మొదటి అక్షరంతో ఫ్యాక్టరీని సూచించింది. నాటింగ్‌హామ్‌కు ఎన్, వర్క్‌సాప్‌కు డబ్ల్యూ. రెండో అక్షరం ఏడాదిలో ఏ భాగమో చెబుతుంది, తర్వాతి అంకె సంవత్సరపు చివరి అంకె. రాలీ ప్రత్యేక విభాగం ఇల్కెస్టన్‌లో కట్టిన ఫ్రేములకు ఎస్‌బీ అనే అక్షరాలతో వేరే వరస ఉంది. జూప్ జూటమెల్క్ 1980 టూర్ గెలిచిన టీఐ రాలీ జట్టుకు ఫ్రేములు కట్టింది ఆ విభాగమే కనుక ఎస్‌బీ నెంబరు కనబడగానే ధర ఎగురుతుంది.

చిక్కు కూడా ఇక్కడే ఉంది. సంవత్సరానికి ఒక్క అంకే ఉంటే 5 అన్నది 1975 కావచ్చు, 1985 కావచ్చు. నెంబరు చదివాక కూడా ఫ్రేము వైపు చూడక తప్పదన్నమాట. ష్విన్ నెంబరు సైతం నెంబరు కొట్టిన నెలనే చెబుతుంది, సైకిలు బిగించి అమ్మిన నెలను చెప్పదు. చిన్న కార్ఖానాల సంగతి ఇంకా కష్టం. వాళ్ళకు తమ వరసలు తమకుంటాయి, చాలామంది పుస్తకాలు వాళ్ళతోనే పోయాయి. ఇటలీ ఫ్రేముల్లో చాలావాటికి నెంబరే లేదు. అడుగున 56 అని కొట్టి ఉంటే అది ఫ్రేము ఎత్తు సెంటీమీటర్లలో. దాన్ని 1956గా చదివి అమ్మినవాళ్ళూ ఉన్నారు, కొన్నవాళ్ళూ ఉన్నారు.

నెంబరుకు ఇంకో ఉపయోగం ఉంది, దాని మీద తగినంత చర్చ జరగలేదు. బ్రిటిష్ కార్ఖానాలు చాలావరకు అదే నెంబరును ఫోర్కు కాడ మీద కూడా కొట్టేవి. రెండూ ఒకటైతే ఆ ఫోర్కు ఆ ఫ్రేముతో పుట్టినదే. గుద్దుడు తగిలిన సైకిలుకు ముందుగా మారేది ఫోర్కే కాబట్టి, ఈ పోలిక తేదీ కంటే కూడా ఫ్రేము గతం గురించి ఎక్కువ చెబుతుంది.

## విడిభాగాల సాక్ష్యం

రెండో పక్షం ఫ్రేమును వదిలి దానికి బిగించినవాటిని చదువుతుంది. నాటింగ్‌హామ్‌లోని స్టర్మీ ఆర్చర్ కంపెనీ మూడు గేర్ల హబ్బు మీద మోడల్ అక్షరాలతోపాటు సంవత్సరాన్నీ నెలనూ కొట్టేది. ఏడబ్ల్యూ పక్కన 54, దాని పక్కన 11 ఉంటే 1954 నవంబరు. ఇటలీ కంపెనీ కాంపాన్యోలో చేసిన న్యువో రికార్డ్ గేరు మీద 1970లలో పేటెంట్ అన్న మాట పక్కన రెండంకెల సంవత్సరం ఉంటుంది. షిమానో రెండు అక్షరాలు కొట్టింది. మొదటిది సంవత్సరం, 1976కు ఏ, 1977కు బీ, అలా వరసగా. రెండోది నెల. వీటిలో ఊహకు చోటు తక్కువ.

ఊహకు చోటు దొరికేది విడిభాగానికీ ఫ్రేముకూ ఉన్న సంబంధంలో. హబ్బు 1954ది అయినంత మాత్రాన ఫ్రేము 1954ది కానక్కరలేదు. చక్రం మార్చి ఉండవచ్చు. దుకాణం అరలో రెండేళ్ళు పడి ఉన్న గేరును కొత్త ఫ్రేముకు బిగించి ఉండవచ్చు. ఫ్రేము ఒకచోట, విడిభాగాలు ఒకచోట కొని బిగించుకునే అలవాటున్న రేసు సైకిళ్ళలో ఈ అనుమానం ఇంకా ఎక్కువ. ఈ పద్ధతిని జాగ్రత్తగా వాడేవాళ్ళు ఒక్క భాగాన్ని పట్టుకోరు. హబ్బులు, క్రాంకు, గేరు, బ్రేకులు అన్నీ ఒకటి రెండేళ్ళ తేడాలో ఉంటే అవి కలిసి పుట్టాయనీ, వాటిలో అన్నిటికంటే కొత్తదాని తేదీ తర్వాతే సైకిలు బిగించారనీ అంటారు. నాలుగు భాగాలు 1972 చుట్టూ ఉండి ఒకటే 1981ది అయితే ఆ ఒక్కటే తర్వాత వచ్చింది. ఈ తర్కం గట్టిది. అయితే నిండుగా ఉన్న సైకిలుకే అది పనికొస్తుంది. ఒట్టి ఫ్రేము ముందు ఈ పక్షం చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

## లోహం చెప్పేది

మూడో పక్షం మిగతా రెండింటి కంటే కష్టపడుతుంది. ఈ పద్ధతికి కొలిచే పనిముట్లు కావాలి, ఫ్రేమును ఊడదీయాలి, చాలా ఫ్రేములు చూసిన చేయి కావాలి. నా దృష్టిలో చివరి మాట చెప్పగలిగింది ఈ పక్షమే.

ముందు గొట్టాలు. రేనాల్డ్స్ బర్మింగ్‌హామ్ కంపెనీ. గొట్టం చివర్లు మందంగా, నడుమ పలచగా ఉండే పద్ధతికి 1897లో పేటెంటు పొందింది. 1935లో 531 పేరుతో మాంగనీస్, మాలిబ్డినం కలిపిన ఉక్కు గొట్టాలు తెచ్చింది. మిలాన్‌లో ఎ.ఎల్. కొలంబో స్థాపించిన కంపెనీ నుంచి వచ్చిన కొలంబస్ గొట్టాల్లో క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు వాడారు. ఫ్రేము మీద రేనాల్డ్స్ స్టిక్కరు ఉందా అని అడగడం దండగ, కొత్తగా అచ్చువేసిన పాత స్టిక్కర్లు ఎవరైనా కొనుక్కోవచ్చు. సీటు కడ్డీ ఎంత లావుది దూరుతుందో కొలవాలి. ఇంగ్లండ్ కొలతల 531 మంచి రకం ఫ్రేములో సాధారణంగా 27.2 మి.మీ. కడ్డీ పడుతుంది. మీటరు కొలతల ఫ్రెంచి 531 ఫ్రేములో 26.4 చుట్టూ ఉంటుంది. 25.4 మాత్రమే దూరితే గొట్టం గోడ మందం, పైన ఏ స్టిక్కరు ఉన్నా అది మామూలు ఉక్కే కావచ్చు. కొలంబస్ ఎస్‌ఎల్‌ఎక్స్ గొట్టాలకు లోపల, పెడల్ ఇరుసు తిరిగే గూడు దగ్గర, మెలితిరిగిన గీతలు పొడుచుకుని ఉంటాయి. బాటమ్ బ్రాకెట్ విప్పి వేలు పెడితే తగులుతాయి. ఆ గీతలను ఎవరూ స్టిక్కరుతో అంటించలేరు.

రేనాల్డ్స్ 753కి ఇంకో సాక్ష్యం ఉంది. వేడితో గట్టిపరిచిన ఆ పలచని గొట్టాలను ఇత్తడితో ఎక్కువ వేడిమీద అతికితే బలం పోతుంది. తక్కువ వేడిలో కరిగే వెండి కలిసిన లోహంతో అతకాలి. అందుకే పరీక్ష నెగ్గిన కార్ఖానాలకే రేనాల్డ్స్ వాటిని ఇచ్చేది. కట్టినవాళ్ళ పేరు ఆ జాబితాకు సరిపడకపోతే 753 స్టిక్కరును అనుమానించవచ్చు.

తర్వాత త్రెడ్లు. పెడల్ ఇరుసు తిరిగే గూడు, బాటమ్ బ్రాకెట్, ఒక్కటే సగం కథ చెబుతుంది. ఇంగ్లండ్ పద్ధతిలో గూడు వెడల్పు 68 మి.మీ., అంగుళానికి 24 త్రెడ్లు, చైను వైపు కప్పు ఎడమ త్రెడ్డు. ఇటలీ పద్ధతిలో వెడల్పు 70, వ్యాసం 36 మి.మీ., రెండు వైపులా కుడి త్రెడ్డే. ఫ్రెంచి పద్ధతిలో 35 మి.మీ., త్రెడ్డు అంతరం 1 మి.మీ., అదీ రెండు వైపులా కుడి. స్విస్ పద్ధతి కొలతలో ఫ్రెంచిదే, కాకపోతే చైను వైపు ఎడమ త్రెడ్డు. రాలీ తన మామూలు సైకిళ్ళకు అంగుళానికి 26 త్రెడ్ల సొంత పద్ధతి దశాబ్దాలపాటు నడిపింది. ఆ 26 కనబడితే హెడ్ బ్యాడ్జి మీద ఏ పేరున్నా రాలీ చేయి ఉందని అనుమానించడానికి కారణం దొరికినట్టే.

త్రెడ్డు కూడా అబద్ధం చెప్పగలదు. పాడైపోయిన ఇంగ్లిష్ గూటిని పెద్దదైన ఇటాలియన్ కొలతకు మళ్ళీ కోయడం మెకానిక్‌లకు తెలిసిన వైద్యమే. ఇటాలియన్ త్రెడ్డు ఉంది కదా అని ఇటలీ ఫ్రేము అనేస్తే పొరపాటు. గూటి వెడల్పు కొలిస్తే 68 అని తేలుతుంది. త్రెడ్డు ఒక దేశం పేరు, వెడల్పు ఇంకో దేశం పేరు చెబితే వెడల్పు మాటే వినాలి, ఎందుకంటే దాన్ని పెంచడం కుదరదు.

కాలాన్ని తేల్చడానికి వెనక చక్రం పట్టే ఖాళీ అక్కరకొస్తుంది. 5 పళ్ళచక్రాల కాలంలో 120 మి.మీ., 6, 7 పళ్ళచక్రాలతో 126, 1990 దాపుల నుంచి 8తో 130. భాగాలు బిగించేందుకు ఫ్రేము మీద అతికిన చిన్న చిన్న మెట్లు కూడా తేదీలే. 1970ల మధ్య వరకు నీళ్ళ సీసా గూడును, గేరు లీవర్లను, తీగలను పట్టే బిళ్ళలను ఎక్కువగా పట్టీలతో బిగించేవారు. తర్వాత ఒక్కొక్కటే ఫ్రేముకు అతుక్కుంటూ వచ్చాయి. రెండో సీసాకు మెట్లు కనబడితే సాధారణంగా 1970ల చివర లేదా ఆ తర్వాత. ఇక్కడా మినహాయింపులున్నాయి. వెనక ఖాళీని చేత్తో విప్పి 120 నుంచి 126 చేయడం ఉక్కుకు కష్టం కాదు. పాత ఫ్రేముకు కొత్త రంగు వేయించేటప్పుడు సీసా మెట్లు అతికించుకోవడం కూడా చాలామంది చేసిన పనే.

గొట్టాలు కలిసేచోట తొడిగే లగ్గులను చూసి కార్ఖానాను చెప్పవచ్చన్న నమ్మకం ఒకటి బాగా పాతుకుపోయింది. ఇందులో సగమే నిజం. సన్నని వంపులతో చెక్కినట్టుండే నెర్వెక్స్ ప్రొఫెషనల్ లగ్గు ఫ్రెంచి కంపెనీది. ఫ్రాన్స్‌లోని ప్యూజో పీఎక్స్ 10 మీదా అదే, అమెరికాలోని ష్విన్ పారమౌంట్ మీదా అదే, ఇంగ్లండ్‌లో ఎన్నో చిన్న కార్ఖానాల ఫ్రేముల మీదా అదే. లగ్గు కొన్న సరుకు. దాని అంచును ఎంత పలచగా ఆకురాయితో అరగదీశారు, కొసను ఎలా తీర్చారు, లోహం అంచు పొడవునా సమంగా పారిందా అన్నవి మాత్రం కట్టిన చేతివి. ఆ తేడా చెప్పగలిగేవాళ్ళు తక్కువమందే, వాళ్ళ మధ్య కూడా ఏకాభిప్రాయం ఎప్పుడూ కుదరదు.

## పేరు ఒకరిది, చేయి ఇంకొకరిది

కట్టినవాళ్ళు ఎవరన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేని ఫ్రేములు చాలా ఉన్నాయి. వృత్తి రేసుల్లో జట్టుకు డబ్బు ఇచ్చే కంపెనీ పేరు ఫ్రేము మీద ఉండాలి. పోటీదారు మాత్రం తనకు నమ్మకమున్న మేస్త్రీ దగ్గర ఫ్రేము కట్టించుకునేవాడు. రంగూ పేరూ జట్టువి. అలాంటి ఫ్రేమును ఎవరిదనాలి? మేస్త్రీదేనని ఒక వాదన. ఆ కాలంలో ప్రపంచం చూసిన పేరే దాని పేరన్నది ఇంకో వాదన. మేస్త్రీ పేరు వైపే నా మొగ్గు, కానీ జట్టు రంగులను చెరిపి మేస్త్రీ పేరు రాయించడాన్ని మాత్రం ఒప్పుకోలేను. ఆ రంగులు ఆ ఫ్రేము చరిత్రలో జరిగిన సంగతి.

ఒకే పేరు రెండు దేశాల్లో పుట్టిన ఉదాహరణ మాజి. మిలాన్‌లో విగొరెల్లి వెలోడ్రోమ్ దగ్గర ఫలీరో మాజి నడిపిన కార్ఖానా పేరు 1970ల మొదట్లో కాలిఫోర్నియాలోని కార్ల్స్‌బాడ్‌కు చేరింది. అక్కడ అమెరికన్ మేస్త్రీలు అదే గ్రాన్ క్రితేరియం ఫ్రేములు కట్టారు. ఇటలీలో పుట్టిందే అసలుదని ఒకప్పుడు అనేవారు. కార్ల్స్‌బాడ్ పనితనం దేనికీ తీసిపోదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. ధరలు ఎటు నిలబడతాయన్నది మాత్రం ఇంకా తేలలేదు.

1930ల ఇంగ్లండ్‌లో ఇంకో విచిత్రం జరిగింది. హెచిన్స్ వెనక గొట్టాలను పాములా వంకరలు తిప్పింది. బ్రాడ్‌ఫర్డ్‌లోని బెయిన్స్ సీటు గొట్టాన్ని తీసి నిటారుగా ముందుకు పెట్టి ఫ్లయింగ్ గేట్ అని పేరు తెచ్చుకుంది. బేట్స్ ఫోర్కుకు రెండు వంపులు పెట్టింది. కుదుపు తగ్గుతుంది, గట్టిదనం పెరుగుతుంది అని వాళ్ళు చెప్పుకున్నారు. ఔత్సాహిక పోటీదారుల ఫోటోల్లో కంపెనీ పేరు కనబడకూడదన్న నియమం ఉండడంతో, పేరు లేకుండానే ఆకారంతో గుర్తుపట్టించుకోవాలని అలా చేశారన్నది తర్వాతివాళ్ళ వివరణ. రెండూ నిజం కావచ్చు. గుర్తించేవాళ్ళకు మాత్రం ఇవి వరం, రంగు మొత్తం గీకేసినా ఈ ఫ్రేములు తమ పేరు తామే చెబుతాయి.

## మన వీధుల్లో తిరిగిన ఇంగ్లండ్ పేర్లు

ఈ చర్చ అంతా యూరప్ రేసు ఫ్రేముల చుట్టూ తిరగడంతో ఆంధ్ర, తెలంగాణ ఊళ్ళలో తరాలపాటు తొక్కిన రాలీ, హంబర్, హెర్క్యులస్, బీఎస్‌ఏ, ఫిలిప్స్ సైకిళ్ళ గుర్తింపు మీద పద్ధతైన పని దాదాపు జరగలేదు. తాతగారి రాలీ ఇంగ్లండుదే అని ఇంటింటా నమ్ముతారు. అది నిజమయ్యే అవకాశం ఎంతో తేల్చాలంటే పేర్ల చరిత్ర చూడాలి.

రాలీ 1932లో హంబర్‌ను, 1943లో రడ్జ్‌ను, 1957లో బీఎస్‌ఏ సైకిళ్ళను కలుపుకుంది. 1960లో రాలీయే ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ చేతికి పోయింది. హెర్క్యులస్, ఫిలిప్స్ అప్పటికే ఆ గుంపులో ఉన్నాయి. అంటే ఆ తర్వాత ఇంగ్లండ్‌లో ఈ పేర్లన్నీ ఒకే గొడుగు కింద బ్యాడ్జీలయ్యాయి. అంతకుముందు నుంచే పేరుకో ప్రత్యేక గుర్తు నిలుపుకున్నారు. రాలీ చైన్‌వీల్‌లో కొంగలు, హంబర్‌ది మనుషుల బొమ్మలు, రడ్జ్‌ది అరచేయి. హంబర్ ఫోర్కుకు ఒక్కో వైపు జంట గొట్టాలు ఉంటాయి. కొంగల చైన్‌వీల్ జంట గొట్టాల ఫోర్కుతో కలిసి కనబడితే ఏదో ఒకటి తర్వాత మార్చినదే.

ఇక మన దేశంలో. 1949లో మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్ మొదలై హెర్క్యులస్, ఫిలిప్స్, బీఎస్‌ఏ పేర్లతో తయారుచేసింది. బెంగాల్‌లోని అసన్‌సోల్‌లో సేన్ రాలీ రాలీతోపాటు హంబర్, రాబిన్‌హుడ్ సైకిళ్ళు తయారుచేసింది. ఆ ఫ్యాక్టరీ తర్వాత ప్రభుత్వం చేతికి వెళ్ళి సైకిల్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అయింది. సోనీపత్ అట్లాస్, లూధియానా హీరో ఇదే ఇంగ్లిష్ రోడ్‌స్టర్ నమూనాను లక్షల ఇళ్ళకు చేర్చాయి. స్వాతంత్ర్యం తర్వాత దిగుమతులు బిగిశాయి. కాబట్టి 1950ల నుంచి ఇక్కడ కొన్న రాలీ అసన్‌సోల్‌ది కావడానికే అవకాశం ఎక్కువ. ముందుగా చదవాల్సింది హెడ్ బ్యాడ్జి మీది చిన్న అక్షరాలు. నాటింగ్‌హామ్ అని ఉందా, ఇండియా అని ఉందా? అసన్‌సోల్‌ది అయినంత మాత్రాన దాని ఘనత తగ్గదు. ఆ కాలపు మన పరిశ్రమ చరిత్రలో దానికి ఉన్న చోటు ఇంగ్లండ్ సైకిలుకు లేదు.

ఈ సైకిళ్ళకు సంవత్సరం చెప్పడం ఎందుకు కష్టమంటే నమూనా దశాబ్దాలపాటు మారలేదు. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, కాటర్ పిన్ను బిగించే క్రాంకు, ముందు 32 వెనక 40 పుల్లలు. 1935 కేటలాగు బొమ్మా 1975 బండీ పక్కపక్కన పెడితే తేడాలు వెతుక్కోవాలి. అద్దె సైకిళ్ళ షాపుల్లో తిరిగిన బండ్లకు ఎన్నిసార్లు రంగు వేశారో లెక్కలేదు. మంచి ఆధారం ఒకటి మాత్రం ఇక్కడుంది. ఒకప్పుడు మున్సిపాలిటీలు, పంచాయతీలు సైకిలు పన్ను కట్టించుకుని ఏటా బిళ్ళ ఇచ్చేవి. దాని మీద ఊరి పేరు, సంవత్సరం, నెంబరు ఉంటాయి. హ్యాండిల్‌కో ఫ్రేముకో బిళ్ళ మిగిలి ఉంటే ఆ సంవత్సరానికి ఆ సైకిలు ఆ ఊళ్ళో ఉందన్నది ఖాయం, బిళ్ళ ఆ బండిదేనని తేలితే. అది పుట్టిన తేదీ కాకపోయినా అంతకంటే తర్వాత పుట్టలేదని చెబుతుంది. తుప్పు వదిలించే తొందరలో ఆ బిళ్ళలను పారేయడం, పాత సామాన్లవాళ్ళు వాటిని విడిగా అమ్మడం మన దగ్గర జరుగుతున్న నష్టం. బిల్లు, ఫోటో, బిళ్ళ, సైకిలు ఒకచోట ఉండాలి.

## విలువ దగ్గర విడిపోయే దారులు

గుర్తింపు తేలాక ధర. ఇక్కడ మొదటి పక్షానికి అసలు రంగే ప్రాణం. గీతలు పడ్డా, పెచ్చులూడినా పుట్టినప్పటి రంగు, స్టిక్కర్లు, క్రోము ఉన్న ఫ్రేము ఎక్కువ విలువైనదని వాళ్ళ మాట. రెండో పక్షం కొత్తదానిలా మెరిసేలా రంగు, క్రోము మళ్ళీ వేయిస్తుంది. మూడో పక్షానికి తొక్కడం ముఖ్యం, అవసరమైతే వెనక ఖాళీ విప్పుతారు, కొత్త చక్రాలు పెడతారు.

చాలాకాలం రెండో పక్షానిదే పైచేయి. గత కొన్నేళ్ళుగా కాటా మొదటి పక్షం వైపు తూగుతోంది, అది సరైనదే. కారణం అభిరుచి ఒక్కటే కాదు. అసలు రంగు కూడా సాక్ష్యం. అంచుల్లో మిగిలిన పాత పూత, స్టిక్కరు అతికిన తీరు, బంగారు గీత గీసిన చేయి కాలాన్ని చెబుతాయి. రంగు గీకగానే ఆ సాక్ష్యం పోతుంది, ఆపైన ఆ ఫ్రేము గురించి ఎవరేం చెప్పినా నమ్మాల్సిందే. అందుకే కొత్తగా రంగు వేసిన ఫ్రేము ఎంత అందంగా ఉన్నా అనుమానపు ధరకే పోతుంది. పూర్తిగా తుప్పు పట్టిన దాన్ని కాపాడడానికి రంగు వేయడం వేరు సంగతి. పాత కార్ఖానా బతికి ఉండి అదే మళ్ళీ రంగు వేస్తే దాన్ని ఎలా చూడాలన్నదానికి జవాబు లేదు. కొందరు దాన్ని అసలుదానితో సమానమంటారు, కొందరు ఒప్పుకోరు.

పక్షాలు ఏవైనా ఒప్పుకునే కొన్ని సంగతులున్నాయి. ఫ్రేము నిటారుగా ఉండాలి. వెనక ఒక కొక్కెం నుంచి దారం తీసి హెడ్ గొట్టం చుట్టూ తిప్పి రెండో కొక్కేనికి కట్టి, సీటు గొట్టానికి రెండు వైపులా దూరం కొలిస్తే వంకర తెలిసిపోతుంది. హెడ్ గొట్టం దగ్గర కింది గొట్టం అడుగున వేలితో తడిమితే అలలా ఉబ్బు తగిలితే ముందు నుంచి గుద్దుడు తగిలిందన్నమాట, పైన ఏ రంగు వేసినా అది పోదు. అల్యూమినియం సీటు కడ్డీ ఉక్కులో పట్టేసి కదలకపోతే విలువ బాగా తగ్గుతుంది. మరీ పొట్టి, మరీ పొడుగు ఫ్రేములు ఎంత అరుదైనవైనా తక్కువే పలుకుతాయి, తొక్కే మనుషులు తక్కువ కాబట్టి. ఒకే కాలపు ఫోర్కు, నెంబరు కలిసిన ఫోర్కు ఉంటే కొనేవాళ్ళు ముందుకొస్తారు.

ధర గురించి చెప్పాల్సిన చేదు సంగతి ఇంకొకటి ఉంది. చాలా మంచి సైకిళ్ళు ముక్కలవుతున్నాయి. కాంపాన్యోలో సూపర్ రికార్డ్ లాంటి భాగాలు విడివిడిగా అమ్మితే మొత్తం బండి కంటే ఎక్కువ వస్తుంది. అమ్మేవాళ్ళకు లాభమే. ఆ భాగాల తేదీలతో ఫ్రేము కాలాన్ని తేల్చే దారి మాత్రం అక్కడితో మూసుకుపోతుంది. 30 ఏళ్ళపాటు కలిసి ఉన్న సాక్ష్యాన్ని ఒక్క సాయంత్రంలో చెదరగొట్టే ఈ పని ఆగాలంటే మొత్తం బండికి ధర పెరగాలి, లేదా విప్పే ముందు కనీసం నెంబర్లు, తేదీలు, కొలతలు ఫోటోలతో రాసిపెట్టే అలవాటు రావాలి.

## ఇంకా తేలనివి

నెంబర్ల పట్టికల్లో ఒక పెద్ద దోషం దాగి ఉంది. కార్ఖానా పుస్తకాలు లేనిచోట సొంతదారులు తమ ఫ్రేముల నెంబర్లను, తేదీలను పోగేసి పట్టికలు తయారుచేశారు. ఆ తేదీలు చాలావరకు విడిభాగాలను చూసి ఊహించినవి. పట్టికలో చేరాక అవే ఊహలు ఆధారాలైపోతాయి. వేరొకరు తన ఫ్రేము నెంబరును ఆ పట్టికలో చూసి, ఆ తేదీతో తన విడిభాగాలు అసలువని తేల్చుకుంటారు. ఊహ తనను తానే రుజువు చేసుకుంటుంది. ప్రతి తేదీ పక్కన అది బిల్లు చూసి రాసిందా, భాగాలు చూసి అంచనా వేసిందా, కొన్నవాళ్ళ మాట మీద రాసిందా అన్నది గుర్తుపెడితే తప్ప ఈ పట్టికలను నమ్మడం కష్టం.

లోహాన్ని పరీక్షించే చేతి యంత్రాల మీద కొంత ఆశ ఉంది. ఎక్స్ కిరణాలతో ఉక్కులో ఏయే లోహాలు కలిశాయో అవి చెప్పగలవు. మాంగనీస్, మాలిబ్డినం ఉంటే 531 జాతి, క్రోమియం ఉంటే కొలంబస్ వైపు. అయితే అసలు లోహం కనబడాలంటే రంగు కొంత గీకాలి, అదే మనం కాపాడుకోవాలనుకున్నది. బాటమ్ బ్రాకెట్ లోపలో ఫోర్కు కాడ మీదో గీకి చూడవచ్చు. అవి వేరే ఉక్కుతో చేసినవైతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. కార్బన్ శాతం ఆ యంత్రాలకు అందదు. గొట్టం ఏ కంపెనీదో కొంత తెలుస్తుంది, ఫ్రేము ఎవరు కట్టారో తెలియదు.

మన దేశంలో తయారైన రోడ్‌స్టర్ల విషయంలో అసలు పట్టికే లేదు. అసన్‌సోల్, అంబత్తూరు, సోనీపత్, లూధియానా నెంబర్ల వరసలు ఎలా నడిచాయో తేల్చాలంటే కొన్న తేదీ ఉన్న పాత బిల్లులు, సైకిలు షాపుల ఖాతాలు, ఫ్రేము మీది నెంబరు, బ్యాడ్జి మీది అక్షరాలు ఒకచోట చేర్చాలి. ఒక్కో జిల్లాలో పదుల సంఖ్యలో అలాంటి జతలు దొరికినా వరస బయటపడుతుంది. ఆ బిల్లులున్న ట్రంకు పెట్టెలు, ఖాతాలున్న పాత దుకాణాలు ఇంకా ఉన్నాయి. వాటిని చదివి రాసిపెట్టే పని ఇప్పుడే మొదలవ్వాలి.